బీబీసీ మైక్రో సీరియల్ పోర్టు: పెద్ద చిప్ జోలికి వెళ్లేముందు చూడాల్సినవి

పాత కంప్యూటర్లో సీరియల్ పోర్టు పని చేయడం లేదనగానే చాలామంది చెయ్యి నేరుగా పెద్ద చిప్ మీదికి వెళ్తుంది. డేటాను ఒక్కో బిట్‌గా పంపి, అందుకునే 6850, 8250, 6551 లాంటి చిప్పులకు పేరుంది, డేటాషీట్లు సులభంగా దొరుకుతాయి, అందుకని అనుమానం కూడా ముందు వాటి మీదే. నేను చూసినంతలో అవి చావడం తక్కువ. పోర్టుకు, వాటికి మధ్య నిలబడే లైన్ డ్రైవర్ (సిగ్నల్‌ను కేబుల్‌లోకి పంపేది), లైన్ రిసీవర్ (కేబుల్ నుంచి అందుకునేది) చిప్పులే ముందు పోతాయి. ఈ కేసు అలాంటిదే. మెషిన్ నా దగ్గరికి వచ్చేసరికే ఒక షాపులో 6850 మార్చేశారు. పోర్టు మాత్రం అలాగే ఉంది.

మెషిన్ బీబీసీ మైక్రో మోడల్ బి. మన దేశంలో ఈ మెషిన్‌కు సొంత చరిత్ర ఉంది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ పరిచయం కోసం క్లాస్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది దీన్నే. మొత్తం 12,000 మెషిన్లు రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా ఉన్నత పాఠశాలలకు చేరాయి. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్, దీన్ని రూపొందించిన బ్రిటిష్ కంపెనీ ఏకార్న్ నుంచి లైసెన్సు తీసుకుని యూనికార్న్ పేరుతో వీటిని ఇక్కడే తయారు చేసింది కూడా. నలభై దాటిన మన వాళ్లలో కొందరు మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నది వీటి మీదే.

దీన్ని తెచ్చినాయన రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. ఆయన దగ్గర పాత క్యాసెట్లున్నాయి. పిల్లలు రాసిన బేసిక్ ప్రోగ్రాములు వాటిలో ఉన్నాయి. వాటిని సీరియల్ కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలని ఆయన కోరిక. "స్క్రీన్ బ్రహ్మాండంగా వస్తుంది బాబూ, కీబోర్డు పనిచేస్తుంది. బయటికి పంపమంటే మాత్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది" అన్నారు. "ఎప్పట్నుంచి మాస్టారూ?" అని అడిగితే, ఎవరో పాత డెస్క్‌టాప్‌కు కలిపి చూశారని, ఆ తర్వాతే ఇలా అయిందని చెప్పారు. కలిపినప్పుడు రెండు మెషిన్లూ ఆన్‌లో ఉన్నాయా అంటే, ఉన్నాయన్నారు. ఆ ఒక్క మాటతో నా అనుమానం సగం తేలింది.

కరెంటు పెట్టేముందు చేసే పని ఒకటుంది. ఈ పవర్ సప్లైలలో మెయిన్స్ ఫిల్టర్ కోసం వాడిన రీఫా కెపాసిటర్లు కాగితం పొరలవి. పైనున్న పసుపు ప్లాస్టిక్ ఏళ్ల తరబడి తేమకు పగుళ్లు తీసి, ఏదో ఒక రోజు ఘాటైన పొగతో పేలుతుంది. ఈ మెషిన్‌లో పగుళ్లు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. ముందు వాటిని మార్చాను. దీన్ని వాయిదా వేయొద్దని అందరికీ చెప్తాను.

తర్వాత వోల్టేజీలు. బీబీసీ మైక్రోలో ప్లస్ 5తో పాటు మైనస్ 5 వోల్టులు కూడా ఉంటుంది. కంప్యూటర్ నడవడానికి మైనస్ 5 అక్కర్లేదు, అందుకే అది పోయినా స్క్రీన్ మామూలుగానే వస్తుంది. కానీ ఆర్ఎస్423 (ఈ మెషిన్ సీరియల్ పోర్టు వాడే సిగ్నల్ ప్రమాణం) డ్రైవర్‌కు అది లేకపోతే లైన్ కిందికి దిగదు. ఇక్కడ ప్లస్ 5 సరిగ్గానే ఉంది. మైనస్ 5 దగ్గర మీటరు మైనస్ 4.3 చూపించింది. పూర్తిగా పోలేదు, కిందికి లాగబడుతోంది. ఏదో చిప్ దాన్ని తాగేస్తోందన్నమాట. వేలు పెట్టి చూస్తే డ్రైవర్ చిప్ డీఎస్3691 చురుక్కుమంది. దాని పక్కనున్న రిసీవర్ 88ఎల్ఎస్120 మామూలుగా ఉంది.

ఇక్కడే డ్రైవర్‌ను పీకేయవచ్చు. కానీ వేడిగా ఉన్న చిప్ తప్పు చేసిన చిప్ అని వెంటనే అనుకోకూడదు. దాని ఇన్‌పుట్ దగ్గర తప్పు జరుగుతున్నా, బయట షార్ట్ ఉన్నా అది వేడెక్కుతుంది. పైగా ఈ బోర్డు మీద సీరియల్ యూఎల్ఏ అని ఫెరాంటీ కంపెనీ చేసిన ప్రత్యేకమైన చిప్ ఉంది. అది మార్కెట్లో దొరికే సరుకు కాదు. పోయింది అదే అయితే పనంతా వేరే దారి పడుతుంది. అందుకని డీసోల్డర్ ముట్టుకోకముందే ఆ చిప్, 6850 రెండూ బతికే ఉన్నాయని తేల్చుకోవాలి.

దానికి ఏకార్న్ ఇంజనీర్ల డిజైనే మనకు తోడు. బీబీసీ మైక్రోలో క్యాసెట్టుకు, సీరియల్ పోర్టుకు ఒకటే 6850, ఒకటే యూఎల్ఏ. రెండింటి మధ్య మారడానికి యూఎల్ఏలో ఒక బిట్ ఉంది, అంతే. కాబట్టి క్యాసెట్ పనిచేస్తే 6850 మంచిదే, యూఎల్ఏలో చాలా భాగం మంచిదే. ఒక చిన్న ప్రోగ్రాం రాసి, యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా ల్యాప్‌టాప్‌లోకి సేవ్ చేసి, అదే శబ్దాన్ని తిరిగి వినిపించి లోడ్ చేశాను. ఒక్క బ్లాకు కూడా తప్పు పోకుండా వచ్చేసింది. మాస్టారు ఒక కవర్లో దాచిపెట్టిన పాత 6850ని కూడా సాకెట్లో పెట్టి ఇదే పరీక్ష చేశాను. అదీ నిక్షేపంగా ఉంది. మార్చాల్సిన అవసరమే లేని చిప్పు అది.

క్యాసెట్ పరీక్షకు ఒక హద్దుంది. యూఎల్ఏలో ఆర్ఎస్423 వైపు పోయే పిన్నులు వేరు, క్యాసెట్ పిన్నులు వేరు. ఆ పిన్నుల సంగతి తేలాలంటే సీరియల్‌ను నిజంగా నడిపించి చూడాలి. మాస్టారు చెప్పినట్టు మామూలు పద్ధతిలో పంపబోతే మెషిన్ బిగుసుకుపోతుంది. నిజానికి అది బిగుసుకోవడం కాదు. అవతలివైపు నుంచి సీటీఎస్, అంటే "పంపొచ్చు" అనే సిగ్నల్, రాకపోతే 6850 "ఖాళీగా ఉన్నాను, ఇంకో అక్షరం ఇవ్వు" అనే బిట్‌ను దాచేస్తుంది. ఆపరేటింగ్ సిస్టం బఫర్ నిండి ఆగిపోతుంది. చూసేవాళ్లకు అది హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది.

అందుకని ఆపరేటింగ్ సిస్టంను పక్కన పెట్టి బేసిక్‌లోంచి నేరుగా చిప్పుల లోపలి రిజిస్టర్లతో (ఆజ్ఞలు రాసి, స్థితి చదివే చిన్న గదులు) మాట్లాడతాను. కింది అంకెల ముందున్న యాంపర్‌సాండ్ గుర్తుకు అర్థం అవి హెక్సాడెసిమల్ (16 ఆధారంగా రాసిన) అంకెలని. 6850 కంట్రోల్, స్టేటస్ రెండూ &ఎఫ్ఈ08 దగ్గర ఉంటాయి, డేటా &ఎఫ్ఈ09 దగ్గర, సీరియల్ యూఎల్ఏ &ఎఫ్ఈ10 దగ్గర. 6850కి రీసెట్ పిన్ లేదు, కంట్రోల్‌లో 3 రాస్తేనే రీసెట్ అవుతుంది. ఆ తర్వాత యూఎల్ఏకు &40 రాస్తే దారి క్యాసెట్ నుంచి ఆర్ఎస్423కి మారుతుంది, స్పీడు 19200 అవుతుంది. ఇప్పుడు అసలు ఉపాయం. కంట్రోల్‌లో &16 రాస్తే డేటా లైన్ ఖాళీ స్థితిలో ఉంటుంది, అవతలివైపుకు "నేను సిద్ధం" అని చెప్పే ఆర్‌టీఎస్ ఆన్ అవుతుంది. &76 రాస్తే 6850 బ్రేక్ పంపుతుంది, అంటే డేటా లైన్‌ను ఎదుటి స్థితిలో అలాగే పట్టి ఉంచుతుంది. &56 రాస్తే ఆర్‌టీఎస్ ఆఫ్ అవుతుంది. ఈ మూడు అంకెలతో రెండు అవుట్‌పుట్‌లనూ మన ఇష్టం వచ్చినంతసేపు పైనో కిందో నిలబెట్టొచ్చు. ఆసిలోస్కోప్ లేనివాళ్లకు మామూలు మల్టీమీటర్ చాలు. వచ్చి వెంటనే మాయమయ్యే బిట్ల వెంట పరుగెత్తాల్సిన పని లేదు.

బాగున్న మెషిన్‌లో &16 రాస్తే వెనకనున్న డిన్ సాకెట్ (గుండ్రటి సీరియల్ సాకెట్) దగ్గర డేటా పిన్ మైనస్ 5కు దగ్గర, ఆర్‌టీఎస్ ప్లస్ 5కు దగ్గర ఉండాలి. &76కు డేటా ప్లస్‌కు ఎగరాలి. ఇక్కడ ఏది రాసినా డేటా 0.3 వోల్టులు, ఆర్‌టీఎస్ 0.4 వోల్టులు. ఒక్క అంగుళం కదల్లేదు. మీటరు ప్రోబ్‌ను డ్రైవర్ ఇన్‌పుట్ పిన్నుల మీదికి మార్చి అవే అంకెలు మళ్లీ రాశాను. అక్కడ రెండు లైన్లూ రాసినప్పుడల్లా టీటీఎల్ లెవెల్లో (చిప్పులు తమలో తాము వాడుకునే 0-5 వోల్టుల హద్దులో) పైకీ కిందికీ చక్కగా మారుతున్నాయి. యూఎల్ఏ చెప్పాల్సింది చెబుతోంది, డ్రైవరే వినడం లేదు. నాకు అంతవరకూ ఉన్న టెన్షన్ అక్కడ తీరింది. దొరకని చిప్ క్షేమం, దొరికే చిప్ పోయింది.

స్కోప్ ఉన్నవాళ్లకు ఇంకో చిట్కా. డేటా రిజిస్టర్‌కు 85 రాయండి, అంటే పెద్ద బడి యు అక్షరం. స్టార్ట్ బిట్, స్టాప్ బిట్‌తో కలిపి చూస్తే ఈ అక్షరంలో సున్నా, ఒకటి ఒకదాని తర్వాత ఒకటి తప్పకుండా వస్తాయి. తెర మీద అచ్చమైన చతురస్ర తరంగం కనిపిస్తుంది. 19200 స్పీడు దగ్గర దాని ఫ్రీక్వెన్సీ 9600 హెర్ట్జ్‌కు కాస్త పైన ఉండాలి. కాస్త పైన ఎందుకంటే ఈ మెషిన్‌లో బాడ్ క్లాక్ (సీరియల్ వేగాన్ని నిర్ణయించేది) 16 మెగాహెర్ట్జ్‌ను 13తో భాగించగా వచ్చింది. దాన్ని 64తో భాగిస్తే 19230 వస్తుంది. ఆ తేడా సీరియల్‌కు లెక్కలోకి రాదు. కానీ తెర మీద తరంగం వంకరగా, సగం ఎత్తే లేస్తుంటే డ్రైవర్ బలహీనపడిందని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

కరెంటు తీసి డ్రైవర్ అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు రెసిస్టెన్స్ చూస్తే పదకొండు ఓములు. లోపల ట్రాన్సిస్టర్ కరిగి షార్ట్ అయింది. ఇలా చచ్చిందని తేలిన చిప్‌ను కాపాడే ప్రయత్నం చేయను. సన్నని కట్టర్‌తో పదహారు కాళ్లూ ఒంటి దగ్గర కత్తిరించి, తర్వాత ఒక్కో కాలునూ వేడి చేసి తీస్తాను. ఈ వయసు బోర్డుల్లో రాగి ప్యాడ్లు వేడికి లేచిపోతాయి. చిప్‌ను మొత్తంగా ఊడపెరకబోయి ట్రాక్ పోగొట్టుకున్న బోర్డులు చాలా వస్తుంటాయి. చిప్ తీయగానే మైనస్ 5 మళ్లీ మైనస్ 5.0కు వచ్చి నిలబడింది.

డీఎస్3691 హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరకలేదు. దానికి బదులుగా ఏఎం26ఎల్ఎస్30 సరిపోతుంది. తొలి మ్యాకింటోష్‌లలో సీరియల్ పోర్టుల వెనక ఉన్నది ఈ చిప్పే కాబట్టి ఇప్పటికీ చలామణిలో ఉంది. ఆన్‌లైన్లో తెప్పించుకునేటప్పుడు ఒక జాగ్రత్త. పాత చిప్పుల పైపొర గీకేసి కొత్త నంబరు కొట్టి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. బోర్డులో పెట్టకముందే బ్రెడ్‌బోర్డు మీద ప్లస్ 5, మైనస్ 5 ఇచ్చి, అవుట్‌పుట్‌కు 450 ఓముల రెసిస్టర్ కట్టి చూస్తాను. ఆర్ఎస్423 నియమం ప్రకారం ఆ లోడు మీద కూడా రెండు వైపులా కనీసం 3.6 వోల్టులు నిలవాలి. వచ్చిన వాటిలో ఒకటి ఆ లోడు పెట్టగానే కుప్పకూలింది. దాన్ని పక్కన పడేసి, నిలబడినదాన్ని సాకెట్ వేసి పెట్టాను.

మూడు అంకెలూ మళ్లీ రాస్తే పిన్నుల దగ్గర మైనస్ 4.9, ప్లస్ 4.8. డ్రైవర్ పని పూర్తయింది. అయితే రాతను సీరియల్ పోర్టుకు పంపే స్టార్ ఎఫ్ఎక్స్ 3,1 ఆజ్ఞ ఇచ్చి లిస్ట్ కొడితే మెషిన్ మళ్లీ బిగుసుకుంది.

ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. స్టేటస్ రిజిస్టర్ చదవడం వస్తే మీటరు కూడా అక్కర్లేకుండా తప్పు తనంతట తానే బయటపడుతుంది. సాకెట్ దగ్గర డేటా అవుట్‌ను డేటా ఇన్‌కు, ఆర్‌టీఎస్‌ను సీటీఎస్‌కు తీగతో కలిపాను. 3 రాసి రీసెట్ చేసి, &16 రాసి, స్టేటస్ చదివితే 8 వచ్చింది. స్టేటస్‌లో 8 అంటే సీటీఎస్ రాలేదు. బాగుంటే 2 రావాలి, అంటే సీటీఎస్ ఉంది, పంపడానికి సిద్ధం. సీటీఎస్ పిన్ మీద నిజంగా 4.8 వోల్టులు ఉన్నాయి, అయినా 6850కి తెలియడం లేదు. సీటీఎస్ లేకపోతే 6850 ఖాళీ అనే బిట్‌ను దాస్తుందే కానీ, అక్షరం ఇస్తే పంపడం మానదు. కాబట్టి డేటా రిజిస్టర్‌కు నేరుగా 85 రాశాను. స్టేటస్ 9 అయింది. అంటే 8తో పాటు "ఒక అక్షరం వచ్చింది" అనే 1 చేరింది. చదివితే 85 వచ్చింది. మళ్లీ స్టేటస్ 8.

88ఎల్ఎస్120లో రెండు రిసీవర్లుంటాయి, ఒకటి డేటాకు, ఒకటి సీటీఎస్‌కు. డేటా సగం బతికే ఉంది, సీటీఎస్ సగం పోయింది. చిప్ అవుట్‌పుట్ పిన్ దగ్గర మీటరు పెడితే అది ఒకే లెవెల్లో బిగుసుకుని ఉంది. ఇన్‌పుట్‌ను ప్లస్ 5 నుంచి మైనస్ 5కు తిప్పినా మార్పు లేదు. 200 మిల్లీవోల్టుల తేడాకే స్పందించాల్సిన రిసీవర్ అది.

దీనికి నేరుగా సరిపోయే చిప్ వెంటనే దొరకలేదు. అందుకని సాకెట్ వేసి, దానిలో కూర్చునేలా చిన్న బోర్డు ముక్క మీద 26ఎల్ఎస్32 పెట్టాను. అదీ అంతే సున్నితమైన రిసీవరే, 5 వోల్టులతో నడుస్తుంది. పిన్నుల వరుస వేరు కాబట్టి తీగలు వేయాలి, ఇన్‌పుట్ దిశ ఏ వైపుకు ఉండాలో పాత చిప్‌తో పోల్చి చూసుకోవాలి. అసలు భాగాలే ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారని నాకు తెలుసు, వాళ్ల మాటను కొట్టిపారేయను. కానీ సాకెట్లో కూర్చున్న ముక్కను అసలు చిప్ దొరికిన రోజు తీసేయొచ్చు, బోర్డు మీద ఒక్క ట్రాక్ కూడా కోయలేదు. ఆ క్యాసెట్లు అప్పటిదాకా ఆగవు, టేపుల మీది పొర ఏటేటా రాలిపోతోంది. స్టేటస్ 2 వచ్చింది. 85 రాస్తే 3, చదవగానే మళ్లీ 2.

ఎందుకు పోయాయన్నది తేలకుండా మెషిన్ ఇస్తే మళ్లీ అదే జరుగుతుంది. మాస్టారింట్లో మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో పెడుతున్నారు. ఎర్త్ లేదు. ఇలాంటి పవర్ సప్లై లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ లేనప్పుడు ఆ రెండిటి మధ్య కంప్యూటర్ గ్రౌండ్ వేలాడుతుంది, సుమారు సగం మెయిన్స్ దగ్గర, అంటే 115 వోల్టులకు దగ్గరగా. లోహం తాకితే చిరుగా జివ్వుమనేది అందుకే. మనిషికి జివ్వుమనడంతో పోతుంది. ఆన్‌లో ఉన్న రెండు మెషిన్లను కలిపినప్పుడు ఆ చార్జ్ అంతా ఒక్క క్షణంలో కేబుల్ గుండా దిగుతుంది.

పీసీ వైపు డి ఆకారపు కనెక్టర్‌కు చుట్టూ లోహపు అంచు ఉంటుంది, అది ముందు తగులుతుంది. బీబీసీ వైపు ఉన్న ఐదు పిన్నుల డిన్ ప్లగ్‌లో ఆ రక్షణ లేదు. గ్రౌండ్ పిన్ కంటే ముందు డేటా పిన్ తగిలిందా, చార్జ్ దారి డ్రైవర్ గుండానే. వీధి అరుగు మీద కూర్చున్నవాడికే ముందు దుమ్ము తగిలినట్టు, బయటికి తగిలి ఉన్న చిప్పే దెబ్బ తింటుంది. వెనకున్న 6850 దాకా అది చేరదు. ఈ ప్లగ్‌తో ఇంకో చిక్కు: ఐదు పిన్నులూ పాచిక మీద ఐదు చుక్కల్లా ఉంటాయి కాబట్టి తలకిందులుగా కూడా దూరుతుంది. అప్పుడు మధ్యనున్న గ్రౌండ్ మారదు కానీ మిగతావి తారుమారవుతాయి. పోర్టు చచ్చిందనుకుని వచ్చే మెషిన్లలో కొన్నింటికి రోగం ఇదే, ప్లగ్ తిప్పిపెడితే చాలు.

ఈ లెక్క అన్ని పాత మెషిన్లకూ ఒకేలా వర్తించదు. పీసీ సీరియల్ కార్డుల్లో 8250 ముందు 1488 డ్రైవర్, 1489 రిసీవర్ ఉంటాయి. ఆపిల్ టూ సూపర్ సీరియల్ కార్డులో 6551 ముందు అవే ఉంటాయి. వాటిలో ముందు 1488 అవుట్‌పుట్, మైనస్ 12 వోల్టులు చూడాలి. కమడోర్ 64లో మాత్రం యూజర్ పోర్టు మీద సీరియల్ నేరుగా 6526 చిప్ నుంచే వస్తుంది, మధ్యలో కాపలా ఏమీ లేదు. అక్కడ పెద్ద చిప్‌నే ముందు అనుమానించడం సబబు. సర్క్యూట్ బొమ్మలో కనెక్టర్ దగ్గర మొదలుపెట్టి లోపలికి నడిస్తే మొదట తగిలే చిప్ ఏదో చూసుకోండి, అనుమానాల వరస అక్కడినుంచే మొదలవ్వాలి.

మాస్టారింటికి ఎలక్ట్రీషియన్‌ను పంపించి ఎర్త్ పెట్టించాను. కేబుల్‌ను కొత్తగా కట్టాను. డేటా, హ్యాండ్‌షేక్ (ఆర్‌టీఎస్, సీటీఎస్) లైన్లన్నిటిలో 100 ఓముల రెసిస్టర్లు, వాటి నుంచి గ్రౌండ్‌కు 15 వోల్టుల రెండు దిశల టీవీఎస్ డయోడ్లు (ఎగసిపడే వోల్టేజీని అణిచేవి), అన్నీ ప్లగ్ తొడుగులోనే. బోర్డు మీద ఏదీ పెంచలేదు. ల్యాప్‌టాప్ వైపు ఐసొలేషన్ (రెండు వైపుల మధ్య నేరుగా కరెంటు దారి లేని ఏర్పాటు) ఉన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్. ప్లగ్ పైభాగం ఏదో తెలిసేలా ఎర్ర చుక్క. స్టార్ ఎఫ్ఎక్స్ 8,7తో 9600 పెట్టి, స్టార్ ఎఫ్ఎక్స్ 3,1 ఇచ్చి, మొదటి క్యాసెట్లోని ప్రోగ్రాం లోడ్ చేసి లిస్ట్ కొట్టాను. ల్యాప్‌టాప్ తెర మీద వరుసలు దిగుతుంటే మాస్టారు ప్రతి లైనూ పైకి చదువుకున్నారు. సరళ లోలకం ఆవర్తన కాలం లెక్కగట్టే ప్రోగ్రాం అది, మొదటి రెమ్ (వ్యాఖ్య) లైన్లో రాసిన పిల్లవాడి పేరు, తరగతి, సెక్షన్ ఉన్నాయి. ఇక మిగతా క్యాసెట్లన్నీ ఆయనే దించుకుంటున్నారు, కేబుల్ పెట్టేటప్పుడు రెండు మెషిన్లూ ఆఫ్ చేసి.